ఉడుతకు రెండో కన్ను

కిటికీ అవతల ఉడుత.

నల్ల ఉడుత. మంచులో కూర్చుని, ముందరి కాళ్ళు గుండెకు ఆనించుకుని, లోపలికి చూస్తోంది. బేస్‌మెంట్ కిటికీ కదా, నేల ఎత్తులోనే ఉంటుంది. ధరణి తల ఎత్తితే ఉడుత కాళ్ళు కనిపిస్తాయి. ఉడుత తల వంచితే ధరణి బొమ్మలు కనిపిస్తాయి.

లోపల చింతగింజల అంబలి వాసన. తడి అట్ట వాసన. ఎరుపు రంగు వాసన... రంగుకు వాసనేమిటి అనేవాళ్ళు దాని మధ్య పెరగనివాళ్ళు.

ధరణి పెరిగింది చేర్యాలలో. తాత కొమరయ్య నకాషీ పని చేసేవాడు. గుడ్డకు అంబలీ సుద్దా పట్టించి, మూరల కొద్దీ పటాలు గీసిన చేయి ఆయనది. కథలు చెప్పేవాళ్ళు ఆ పటాలు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళు. ఇప్పుడు ఆ చేయి వణుకుతోంది. కుంచె మూల పెట్టేశాడు. నోరు మాత్రం మూల పెట్టలేదు.

మనవరాలు చదివేది సప్లై చెయిన్. పొద్దున షిఫ్ట్ వేర్‌హౌస్‌లో... కెనడాలోని ఎటోబికోలో, విమానాలు తల మీదుగా దిగే చోట. అక్కడ చిరిగిన అట్టపెట్టెలను గుట్టగా పోసి పారేస్తారు.

ధరణి పారేయలేకపోయింది.

ఇంటికి తెచ్చింది. కోసింది. అంబలి కాచి పట్టించింది. పైన ఉండే ఇంటావిడ దేవిశ్రీ మెట్ల మీద నుంచి రెండుసార్లు అడిగింది. "ఏం మాడ్చావ్ ధరణీ? స్మోక్ అలారం మోగితే ఫైర్ ట్రక్ వచ్చేస్తుంది."

పన్నెండు అట్టలు. ఒక పిల్లల పుస్తకం.

అందులో చలికాలం వచ్చి రంగులన్నీ మింగేస్తుంది. చెట్టు తెలుపు. చెరువు తెలుపు. ఉడుతకు దిగులు పుట్టి, తన తోకలోంచి నాలుగు వెంట్రుకలు పీకి కుంచె కడుతుంది. ఎంత దూరం పోయినా తిరిగొచ్చే గూస్ బాతు ముక్కున నీళ్ళు పట్టుకొస్తుంది. కళ్ళ చుట్టూ నల్లపట్టీ ఉన్న రకూన్ పుట్టుదొంగ, ఎవరి పెరట్లోంచో ఎర్రటి పళ్ళు ఎత్తుకొస్తుంది. కుందేలుకు ఏ పనీ రాదు. అది వీపు వంచుతుంది. మిగతావాళ్ళు దాని మీదెక్కి గీస్తారు.

మంచు మీద గీస్తారు.

మంచు కరుగుతుందని వాళ్ళకు తెలుసు.

తెలిసీ గీస్తారు.

దేవిశ్రీ కూతురు స్వీటీకి ఆరేళ్ళు. తల్లి బట్టలు ఉతకడానికి బేస్‌మెంట్‌లోకి దిగినప్పుడల్లా వెనకే దిగుతుంది. తెలుగు వింటుంది, ఇంగ్లీషులో జవాబిస్తుంది. మొదటి అట్ట మీద మంచు నేలంతా ఎర్రగా ఉండటం చూసి పెదవి విరిచింది.

"స్నో ఈజ్ వైట్."

"మా తాత దగ్గర అన్నీ ఎర్రగనే మొదలైతయి," అంది ధరణి.

స్వీటీ కాసేపు ఆలోచించి, పోనీలే అన్నట్టు తలూపింది. కానీ బొమ్మలకు కళ్ళు లేకపోవడం మాత్రం ఆ పిల్లకు మింగుడు పడలేదు. దిగిన ప్రతిసారీ అదే అడిగింది.

"కళ్ళు చివరికి," అని ప్రతిసారీ చెప్పింది ధరణి.

కళ్ళు చివరికి. అది ఆ ఇంటి పద్ధతి. ఒళ్ళు, బట్ట, నగ, చెట్టు, పిట్ట... అన్నీ అయ్యాక, స్నానం చేసి, మంచి గడియ చూసి, ఇంటి పెద్ద కళ్ళు తెరిపిస్తాడు. అప్పటిదాకా అది రంగు. ఆ తర్వాత ప్రాణం. ధరణి చిన్నప్పటి నుంచి ఎన్నో బొమ్మల్లో రంగు నింపింది. ఒక్క కన్ను తెరిపించలేదు. తాత ఉండగా ఆ పని ఆమెది కాదు.

ఈసారి ఆమెదే. ఫోన్‌లో చూస్తూ ఉంటానన్నాడు తాత. గడియ కూడా ఆయనే పెట్టాడు. శనివారం, కెనడా మధ్యాహ్నం పన్నెండు.

ఆ సాయంత్రం అయిదుకే లైబ్రరీకి పుస్తకం ఇచ్చే గడువు. పిల్లల గదిలో ఒక అర ఖాళీ చేశారు, చుట్టుపక్కలవాళ్ళు చేత్తో చేసిన పుస్తకాల కోసం. చదువు అయిపోవచ్చింది. వర్క్ పర్మిట్ వస్తే ఉద్యోగానికి కాల్గరీ, రాకపోతే చేర్యాల. రెండు చలికాలాలు ఈ ఊరి మంచు తొక్కింది ధరణి. ఒక్క అడుగుజాడైనా మిగల్లేదు. ఆ అరలో తన పుస్తకం ఒకటి మిగలాలి... అంతే ఆశ. చిన్న ఆశే. దానికోసం నెల రోజులుగా ఆమెకు అన్నం సయించలేదు.

శనివారం షిఫ్ట్ దిగి, పరుగున వచ్చి తలుపు తీసింది.

బల్ల ముందు స్వీటీ. చేతిలో నల్ల మార్కర్.

గూస్‌కు కళ్ళు. రకూన్‌కు కళ్ళు. కుందేలుకు కళ్ళు. గుండ్రంగా, నల్లగా, కాస్త వంకరగా... అట్ట తర్వాత అట్ట. చివరి అట్ట మీద ఉడుతకు ఒకటే కన్ను. రెండోది పెట్టే లోపల తలుపు చప్పుడైంది.

"ఎవలు ముట్టుమన్నరు నిన్ను? బుద్ధుందా?" అని అరిచింది ధరణి.

స్వీటీ మార్కర్‌ను వెనక దాచుకుంది.

"దే కుడ్‌న్ట్ సీ ఈచ్ అదర్," అంది. చాలా మెల్లగా. తర్వాత మెట్లెక్కి పోయింది. ఒక చెప్పు కిందే ఉండిపోయింది.

ధరణి తెల్లరంగు కలిపింది. ఆ కళ్ళన్నీ మూసేయాలి. ఆరబెట్టాలి. మళ్ళీ మొదటి నుంచి. అయిదు లోపల అవుతుందా? అవ్వాలి.

పన్నెండు కొట్టింది. ఫోన్ మోగింది.

తెర నిండా కొమరయ్య కళ్ళజోడు, సగం ముక్కు. ధరణి ఒక్కొక్క అట్టా ఎత్తి చూపించింది.

"పైనింటి పోరి కండ్లు పెట్టేసింది. పెద్దోళ్ళు తెరిపియ్యాలె గద తాతా. గడియ గూడ కాకపాయె. నువ్వేమో కండ్లు చూసేటోళ్ళ దిక్కు ఉండాలంటవు. ఇవి చూడు, ఎటో చూస్తున్నయి."

"ఎటు?" అన్నాడు తాత.

అప్పుడు చూసింది ధరణి. అంతదాకా నలుపే చూసింది, చూపు చూడలేదు.

గూస్ ఉడుతను చూస్తోంది. రకూన్ ఓరగా కుందేలును చూస్తోంది, దొంగచూపే, అయినా ప్రేమగా ఉంది. కుందేలు అందరినీ వీపున మోస్తూ, మెడ తిప్పి, పైనున్నవాళ్ళు పడిపోతారేమోనని చూస్తోంది. ఒక్కరూ అట్ట బయటికి చూడటం లేదు.

ఒకరినొకరు చూసుకుంటున్నారు.

"తెర్సిన కండ్లు మల్ల మూస్తమా బిడ్డా," అన్నాడు కొమరయ్య. "ఆ పోరిని ఏమన్న అన్నవా?"

ధరణి కింద పడి ఉన్న చెప్పు వైపు చూసింది.

"పో. ముందుగాల గా పోరిని చూడు," అని ఫోన్ పెట్టేశాడు.

గిన్నెలో తెల్లరంగు పైన పొర కడుతోంది. ధరణికి సిగ్గేసింది. బొమ్మలు పాడయ్యాయని కాదు ఆమె అరిచింది. మొదటిసారి కళ్ళు తెరిపించే చేయి తనదే కావాలనుకుంది. అది వేరే చేతికి పోయింది. చిన్న చేయి. పద్ధతి తెలియని చేయి. ఎదురుచూడటం చేతకాని చేయి...

చెప్పు తీసుకుని మెట్లెక్కింది.

స్వీటీ భోజనాల బల్ల కింద ఉంది. చెప్పు చూసి కాలు చాపింది. మొహం చూపలేదు.

"విల్ యూ షౌట్?"

"అరువ. ఇంకో కన్ను ఉన్నది. రా."

ఇద్దరూ కిందికి వచ్చారు. బట్టలుతికే చోట ఉన్న సింక్‌లో ఇద్దరూ చేతులు కడుక్కున్నారు. గడియ ఎప్పుడో దాటిపోయింది. తాత ఇచ్చిన కుంచె, ఉడుత తోక వెంట్రుకలది, పెట్టెలోంచి తీసి ధరణి ఆ పిల్ల చేతికిచ్చింది.

స్వీటీ పుచ్చుకోలేదు. వెనక్కి తోసింది.

"యూ డూ ఇట్."

చివరి అట్ట. మంచు కరుగుతోంది. గీసిన బొమ్మ సగం పోయింది. ముగ్గురు నేస్తాలు దాన్నే చూస్తున్నారు. మధ్యలో ఉడుత... స్వీటీ పెట్టిన ఒక్క కన్ను నేస్తాల వైపు ఉంది.

రెండోది ఎటు?

తాత మాట ప్రకారం చూసేవాళ్ళ వైపు. స్వీటీ మాట ప్రకారం నేస్తాల వైపు. ధరణి నలుపులో కుంచె కొన ముంచింది. చేయి వణికింది. అచ్చం తాత చేయిలా.

స్వీటీ ఊపిరి బిగబట్టి ఆమె మోచేయి పట్టుకుంది.

కిటికీ అవతల ఉడుత. మంచులో పక్కకు తిరిగి కూర్చుంది. ఒక కన్ను ఇటు, వీళ్ళ వైపు; రెండోది అటు, మంచు వైపు.

చూస్తోంది...