ఎనిమిది మాస్టారి శిష్యురాలు

మా ఆయన దగ్గర బండి నేర్చుకుందామని ఒకసారి ప్రయత్నించాను. వీధి చివరికి చేరేలోపే ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. "నీకు చెప్పడం కంటే గోడకు చెప్పుకోవడం నయం," అన్నాడు. "ఆ గోడనే చేసుకోకపోయావా!" అని బండి దిగి నడిచి ఇంటికొచ్చేశాను. మర్నాడు ఎనిమిది మాస్టారి దగ్గర చేరాను.

నాకు లైసెన్స్ కావాలి. సరదాకి కాదు. రక్తపరీక్షల ల్యాబ్‌లో పని నాది. కింది అంతస్తులో కిటికీ లేని గదిలో పొద్దస్తమానం జనం చేతులకు సూదులు గుచ్చుతూ కూర్చుంటాను. బయట వానొచ్చిందో ఎండ కాసిందో వచ్చినవాళ్ల గొడుగులు చూసి తెలుసుకోవాలి. ఇళ్లకు వెళ్లి రక్తం తీసుకొచ్చే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. "లైసెన్స్ ఎవరు ముందు తెస్తే వాళ్లకే," అన్నాడు మేనేజరు. ఆశపడింది ఇద్దరం: నేను, నా పక్క కుర్చీలో కూర్చునే పిల్ల. దాన్ని నేను గాజుబొమ్మ అంటాను. గట్టిగా తుమ్మితే పగిలిపోయేలా ఉంటుంది. అదీ మాస్టారి దగ్గరే చేరింది.

మాస్టారికి ఆ పేరు ఊరికే రాలేదు. లైసెన్స్ పరీక్ష అంటే నేల మీద గీసిన ఎనిమిది అంకె చుట్టూ బండి తిప్పడమే. పాడుబడిన గోదాము వెనక అచ్చంగా అదే కొలతలతో ఎనిమిది గీసిపెట్టుకున్నాడాయన. "మొదటి గేరు, సగం క్లచ్చి, చూపు దూరంగా. కాలు కింద పెట్టావా, ఫెయిల్!" ఇదీ ఆయన పాఠం మొత్తం.

ఎనిమిది పూర్తయ్యేసరికి ఆయనే ఎదురొచ్చి, హ్యాండిల్ పట్టుకుని, తాళం తిప్పి బండి ఆపేవాడు. మేం బ్రేకు తొక్కితే బండి పడేస్తామని భయం. ఉన్నది ఆ ఒక్క బండే మరి, దాన్ని కన్నబిడ్డలా చూసుకునేవాడు.

"బ్రేకు ఎప్పుడు నేర్పుతారు మాస్టారూ?" అని అడిగాను.

"ఆపడానికి మార్కుల్లేవమ్మా. లేనిపోనివి బుర్రలో పెట్టుకోకు."

తన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఫెయిలైనవాళ్లు లేరని ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. నేనూ నమ్మాను. నిద్రలో కూడా ఎనిమిదులు తిరిగాను. మా ఆయన తన పక్క నేల మీదికి మార్చుకున్నాడు.

పరీక్ష రోజు మైదానానికి వెళ్తే ఏముంది, మురుగు గొట్టం వేయడానికి ఎనిమిదిని నిలువునా తవ్వేశారు. ఇన్‌స్పెక్టరు కుర్చీ చెట్టు నీడలోకి లాక్కుని, "ఈ వారం రోడ్డు మీదే. గేటు దాటి ఆ సందు చుట్టి వచ్చి నా బల్ల ముందు ఆపండి," అన్నాడు.

మాస్టారి మొహం పాలిపోయింది. "అయ్యా, అయిదు నిమిషాలివ్వండి, సుద్దతో గీసేస్తాను," అని బతిమాలాడు.

"రోడ్డు మీద సుద్దగీతలుంటాయా ఏమయ్యా?"

మాస్టారి శిష్యులంతా ఒక్కొక్కరే వరసలోంచి జారుకున్నారు. గాజుబొమ్మ కూడా, "వచ్చే వారం వస్తాలే అక్కా," అని వెళ్లిపోయింది. వెళ్లనీ, ఇవాళ నేను పాసైతే ఉద్యోగం నాదే. బండెక్కాను.

"మాస్టారూ, రెండో గేరు ఎలా వేయాలి?"

"కాలితో పైకి ఎత్తాలంటారు," అన్నాడాయన.

అంటారట! ఒళ్లు మండింది. ఆ మంటతోనే గేటు దాటాను. మొదటి గేరులోనే బండి గోలపెడుతుంటే, వెనక బస్సు హారన్ మోగిస్తుంటే, పళ్లు బిగబట్టి పోయాను. మలుపులంటారా, అలవోకగా తిరిగేశాను. తిన్నగా పోవడమే ప్రాణం మీదికొచ్చింది. అయినా పడకుండా తిరిగొచ్చాను. గేటులోకి వస్తుంటే ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అప్పుడు గుర్తొచ్చింది, ఆపడం రాదని.

బల్ల దగ్గరికొచ్చాను, బల్ల దాటాను. వేరే దారి లేక బల్ల చుట్టూ, చెట్టు చుట్టూ తిరగసాగాను. "ఆపమ్మా! ఆపు!" అని ఇన్‌స్పెక్టరు కుర్చీ ఎక్కాడు. చివరికి మాస్టారే పరిగెత్తుకొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"చూశారా సార్, కాలు కింద పెట్టలేదు," అన్నాడు రొప్పుతూ.

ఇన్‌స్పెక్టరు చూశాడు. ఫెయిల్ చేశాడు.

ఆ వారమంతా ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. మా ఆయన బండి ల్యాబ్ వెనక ఖాళీ జాగాలోకి తోయించి, ఎవరూ చెప్పకుండానే బ్రేకులు నేర్చుకున్నాను. రెండో గేరూ నేర్చుకున్నాను. అక్కడున్న చిన్న గట్టు ఎక్కడం, మధ్యలో ఆపి జారకుండా మళ్లీ కదిలించడం కూడా వచ్చేశాయి.

ఈలోగా గొట్టం పూడ్చి ఎనిమిది మళ్లీ గీశారు. ఫెయిలైనదాన్ని కాబట్టి మళ్లీ పరీక్షకు వెళ్లడానికి నాకింకా గడువు రాలేదు. గాజుబొమ్మ దాని చుట్టూ బొంగరంలా తిరిగి పాసైంది. ఉద్యోగం దానికిచ్చారు. ఆ మధ్యాహ్నమే నా దగ్గరికొచ్చి, "అక్కా, ఎవరితోనూ అనకు. బండి ఎలా ఆపాలి?" అంది. చెంప పగలగొడదామనిపించింది. దాని కళ్లల్లో భయం చూసి వెనక జాగాలోకి తీసుకెళ్లి ఆపడం నేర్పాను. గట్టు దాకా వెళ్లడానికి దానికి ధైర్యం చాల్లేదు.

ఇంకో ఖాళీ వస్తే నాకేనన్నాడు మేనేజరు, లైసెన్స్ ఉంటేనే. మళ్లీ మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఎనిమిదిలో మొదటి మలుపు రాగానే నా చెయ్యి బ్రేకు మీద పడింది, కాలు దానంతటదే నేలకానింది. మళ్లీ తిప్పాను, మళ్లీ ఆనింది. మాస్టారు నెత్తి పట్టుకున్నాడు.

"బంగారంలాంటి చెయ్యమ్మా నీది! బ్రేకు మరిగి పాడైపోయావు. ఈ అలవాటు మాన్పించేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది."

అప్పుడే ఫోను మోగింది. గాజుబొమ్మ.

"అక్కా, ఆసుపత్రి పక్క ఎత్తు మీద ఇరుక్కుపోయాను. కదిలిస్తే వెనక్కి జారుతోంది. పెట్టెలో రక్తం పాడైపోతుందక్కా," అని ఏడుస్తోంది.

"బండి స్టాండేసి పక్కన నిలబడు. వస్తున్నాను," అన్నాను.

వెళ్లాను. నా దగ్గర లైసెన్స్ లేదుగా, నడిచే వెళ్లాను.