ఇరుకింట్లో మూలుగ

పొద్దుగూకే వేళకి మాంసం కొట్టు కట్టేసి చిన్నకొడుకు ఇంటికొచ్చేవాడు. వీధి కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో తోముకుని, పెరట్లో చొక్కా మార్చుకుని, గోళ్లు వాసన చూసుకుని, అప్పుడు పక్కకి తిరిగి గుమ్మంలోంచి లోపలికి దూరేవాడు. పక్కకి తిరగకపోతే పట్టడు. ఆ ఇల్లు మూడేళ్లుగా ఇరుకవుతోంది.

ఇరుకవడమంటే మాటవరసకి అనడం కాదు. గోడలు నిజంగానే దగ్గరకి జరుగుతున్నాయి. మొదట్లో మేస్త్రీని పిలిపిస్తే టేపు పెట్టి కొలిచి, నాలుగు వేళ్లు తగ్గిందనీ, మంచం నిలువుగా వేసుకుంటే సరిపోతుందనీ చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడు. తర్వాత బీరువా పక్కింటి వాళ్లకి ఇచ్చేశారు. భోజనాలకి తల్లీ, ఇద్దరు కొడుకులూ, చిన్నకోడలూ నలుగురూ మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. చుట్టాలొచ్చినా మోచేతులు దగ్గరకి పెట్టుకునే వచ్చేవాళ్లు.

ఇదంతా తండ్రి పోయాక మొదలైంది. ఆ మాంసం కొట్టు ఆయనదే. కత్తి పట్టేముందు కళ్లు మూసుకుని దేవుడికి రెండు మాటలు చెప్పుకునే మనిషి. ఒకరోజు కొట్టులోనే, మాంసం నరికే మొద్దు మీదకి ఒరిగిపోయాడు. పెద్దకొడుకు క్రైస్తవ సంఘంలో బోధకుడు. తండ్రిని ఆ రక్తం మధ్య చూసినవాడు మళ్లీ మామూలు మనిషి కాలేదు. ఇక ఈ ఇంట్లోకి మాంసం రాదని సమాధి పక్కనే ఒట్టు పెట్టుకున్నాడు. సృష్టి మొదట్లో దేవుడు మనిషికి పళ్లూ గింజలే ఇచ్చాడనీ, చివరికి ఆయన రాజ్యంలో సింహం కూడా గడ్డి మేస్తుందనీ, మధ్యలో ఉన్న మనం మాత్రం అలా ఎందుకు బతకకూడదనీ అనేవాడు. అనేటప్పుడు గొంతు వణికేది. అందుకే ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు.

చిన్నకొడుకు రోజంతా కోసి, తూచి, అందరికీ కట్టిచ్చేవాడు. ఆకలేస్తే కొట్టు వెనక నిలబడి నాలుగు ముక్కలు కాల్చుకుని, ప్రార్థన కూడా చేయకుండా గబగబా మింగేవాడు. ఆ సంగతి అతని భార్యకి తెలుసు. ఓసారి తనూ వెళ్లి తింది. నాలిక్కి రుచి తెలిసేలోపే వెనక్కి తిరిగి చూసుకుంది. ఆ సాయంత్రం నడవ ఇంకో వేలు తగ్గింది. తినకుండా భయపడ్డా తగ్గుతోంది, తిని భయపడ్డా తగ్గుతోంది.

ఆ ఏడు అత్తగారు మంచం పట్టింది. పెదాలు తెల్లబడ్డాయి. నాలుగడుగులేస్తే కళ్లు తిరిగేవి. డాక్టరు పక్కకి తిరిగి లోపలికొచ్చి, కనురెప్ప లాగి చూసి, ఒంట్లో రక్తం లేదన్నాడు. మాత్రలు కడుపులో నిలవట్లేదు కాబట్టి మాంసం, కాలేయం పెట్టమనీ, ఆస్పత్రికి తెస్తే రక్తం ఎక్కిస్తాననీ చెప్పాడు. తేవడమెలా? ఆవిడ నిలబడలేదు. కుర్చీలో కూర్చోబెట్టి మోస్తే గుమ్మం పట్టదు. మేస్త్రీ మళ్లీ వచ్చి ద్వారబంధం పీకి జానెడు గోడ కొట్టాడు. తెల్లారేసరికి అదంతా తిరిగి పూడుకుపోయింది. మేస్త్రీ దాన్ని తడిమి చూసి, తనవల్ల కాదని చెప్పి వెళ్లిపోయాడు.

పెద్దకొడుకు తల్లి పక్కన ఉపవాసం కూర్చున్నాడు. మూడు రోజులు ప్రార్థించాడు. గోడలు వచ్చి అతని రెండు భుజాలకీ ఆనుకున్నాయి.

మూడోరోజు కోడలు జావ తెస్తే అత్తగారు మొహం తిప్పేసుకుంది. కోడలు గిన్నె కింద పెట్టి మెల్లగా అడిగింది.

"అత్తయ్యా, నిజం చెప్పండి. దేవుడి కోసమే మానేశారా?"

ఆవిడ గోడకేసి చూసింది. గోడ ముక్కుకి బెత్తెడు దూరంలో ఉంది.

"దేవుడి కోసం కాదమ్మా. వీడు బాధపడతాడని," అంది. "మీ మామయ్య మూలుగ ఎముక ఎప్పుడూ నాకే వేసేవారు. దాన్ని జుర్రుకుంటున్నప్పుడు, దేవుడు మంచివాడని ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసేది. ఇప్పుడు నోటితో అంటున్నాను గానీ, తెలియడం లేదు."

పెద్దకొడుకు తలొంచుకుని విన్నాడు.

"బావగారూ, మీరు తినొద్దు," అంది కోడలు. "మీరు మానడం దేవుడి కోసమే, నేను కాదనను. కానీ తప్పిపోయిన కొడుకు తిరిగొస్తే తండ్రి దూడని కోయించాడని నాకు చెప్పింది మీరే. ప్రభువు ఒడ్డున చేపలు కాల్చి శిష్యుల్ని పిలిచాడని చెప్పిందీ మీరే. అవి చెప్పేటప్పుడు మీ మొహం వెలిగిపోయేది."

అతను లేచి, గోడలకి ఒళ్లు గీసుకుంటూ బయటికి వెళ్లాడు.

తండ్రి పోయాక అతను కొట్టు మెట్లెక్కడం అదే మొదలు. తమ్ముడు కత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అన్న ఎటో చూస్తూ, అమ్మకి మూలుగ ఎముకలు కావాలన్నాడు, కాస్త కాలేయం కూడా. తర్వాత ఏమనుకున్నాడో, తండ్రి ఒరిగిన మొద్దు వైపు తిరిగాడు. చాలాసేపు దాన్నే చూశాడు. తమ్ముడు ఎముకలు కొడుతుంటే చెవులు మూసుకోలేదు.

వండింది కూడా తనే. వంటగదిలో ఇద్దరికి చోటు లేక కోడలు గుమ్మం ఇవతలి నుంచి చెప్తుంటే, కడిగాడు, ఉప్పేశాడు, రెండుసార్లు పెరట్లోకెళ్లి వాంతి చేసుకొచ్చాడు. ఉడికాక గిన్నె తల్లి ముందు పెట్టి కళ్లు మూసుకున్నాడు. గంటసేపు ప్రార్థించగలడని పేరున్న మనిషి రెండు మాటల్లో ముగించాడు.

"తండ్రీ, ఇది నువ్విచ్చావు. అమ్మకి ఇష్టం," అన్నాడు. "అమ్మ తింటుంటే నేను సంతోషంగా చూస్తాను."

కాలేయం అతనే ముక్కముక్కగా తినిపించాడు. ఎముక మాత్రం ఆవిడ ఎవరి చేతికీ ఇవ్వలేదు. రెండు చేతులా పట్టుకుని, వీధిలోకి వినబడేలా జుర్రింది. ఆ చప్పుడుకి కోడలికి నవ్వొచ్చింది, తర్వాత చిన్నకొడుక్కీ. అతను ప్రార్థన చేసుకుని, తన ఇంట్లో, తీరిగ్గా కూర్చుని ఒక ముక్క తిన్నాడు. పెద్దకొడుకు పక్కనే జావ తాగాడు. కాళ్లు బారచాపుకుని తాగాడు. చాపుకున్నానని అతనికి తెలియనే లేదు.

మర్నాడు పొద్దున్నే కుర్చీ ఎక్కడా తగలకుండా గుమ్మం దాటింది. ఆస్పత్రిలో రక్తం ఎక్కించారు. ఇంకో వారం ఆగి ఉంటే చేయగలిగిందేమీ ఉండేది కాదన్నాడు డాక్టరు.

నర్సు కాగితం తెచ్చి, పేషెంటుకి ఏ భోజనం పెట్టాలో రాయమంది. తల్లి పెద్దకొడుకు వైపు చూసింది. అతను పెన్ను తీసి, గుండ్రటి అక్షరాలతో మాంసాహారం అని రాశాడు. ఆవిడ కాగితం దగ్గరకి లాక్కుని చదువుకుంది.

"ఎముకతో సహా అని కూడా రాయరా," అంది.

రాశాడు.