గీత దాకా నీళ్ళు

నేను ఒక స్టీలు గ్లాసుని. పెళ్ళిళ్ళలో మీరు పంచిపెట్టే, చేత్తో నొక్కితే సొట్టపోయే బాపతు కాదు. బరువైనదాన్ని, అంచు మడిచినదాన్ని, పావు లీటరు పైచిలుకే పడతాను. ఈ మాట కాస్త గర్వంగానే చెబుతున్నాను. గ్లాసుకి ఇంకేం గొప్పలుంటాయి చెప్పండి, ఎంత పడుతుందన్నదే కదా!

ఎక్కడో పెద్ద ఊళ్ళో స్టీలు రేకుని గుండ్రంగా కోసి, అచ్చులో పెట్టి నొక్కితే పుట్టాను. నొక్కినవాడు నా వంకైనా చూడలేదు. పక్కవాడితో సినిమా కబుర్లలో ఉన్నాడు. ఆ తర్వాత గోనెసంచులు, లారీలు, ఓ సామాన్ల కొట్టు. చివరికి శ్రీకాకుళం జిల్లాలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఓ కొబ్బరితోటల ఊరి సంతలో దాలమ్మ కంటబడ్డాను. ఆవిడ బేరానికి కూర్చుంటే కొట్టువాడు ఏడవడం ఒక్కటే తక్కువ. మనవరాలు ధరణి బడికి వెళ్ళబోతోందని, దానికంటూ ఓ గ్లాసు ఉండాలని నన్ను కొంది. కొంగున చుట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది.

ఇంట్లో నలుగురు. దాలమ్మ కొడుకు దండాసి తోటల్లో కొబ్బరికాయలు దింపుతాడు. కోడలు లోలాక్షి జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలుస్తుంది. ఇక ధరణి. ఆ పిల్ల గురించి చెప్పడానికే ఈ కథ ఎత్తుకున్నాను.

రెండు చేతులా నన్ను పట్టుకుని, మధ్యలో ఊపిరి తీసుకోకుండా గటగటా తాగేది. సగం గొంతులోకి, సగం గౌను మీదికి. తాగాక ‘హా!’ అని ఊరంతా వినబడేలా అనేది. అప్పుడు నా అసలు పని మొదలయ్యేది. ఖాళీ అయిన నాలో మూతి పెట్టి, "ఎవులు లోపల?" అని అడిగి, గొంతు మార్చి, "నేనేనే, ధరణిని" అని తనే జవాబు చెప్పేది. పెద్దయ్యాక బస్సు కండక్టరు అవుతానని మొట్టమొదట నాకే చెప్పింది. విజిల్ కోసమట. నాన్నమ్మ కోళ్ళని వరసలో నిలబెట్టి, టికెట్లని ఆకులు తుంచి ఇచ్చేది. టికెట్ పుచ్చుకోని కోడిపుంజుని బస్సు దింపేసేది. ఇంత హడావుడి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

రెండో తరగతిలో ఉండగా పొద్దున్నే ధరణి బుగ్గలు నిండుగా కనబడసాగాయి. దాలమ్మ మురిసిపోయింది. "గుంట ఒల్లు సేసింది, ఎవులి కల్లూ పడకుండా ఉంటే బాగున్ను" అని ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. వాపుని బలుపనుకున్నారు పాపం. వాళ్ళనేం అంటాను? పిల్ల బొద్దుగా కనిపిస్తే ఏ ఇంట్లో భయపడతారు? పాదాలు కూడా ఉబ్బి, చెప్పుల పట్టీలు పట్టకపోయాక గానీ ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. రెండు కిడ్నీలూ పాడయ్యాయని అక్కడ చెప్పారు.

ఆ రోజు నుంచి వారానికి మూడుసార్లు పట్నం వెళ్ళి, రక్తం శుభ్రం చేసే మిషను పక్కన పడుకోవడమే ధరణికి బడి. తండ్రి కిడ్నీ సరిపోలేదు. తల్లిది తియ్యడానికి వీల్లేదన్నారు. ఇంకెవరైనా ఇచ్చేదాకా పిల్లని నిలబెట్టుకోవాలి. అందుకు మందులతో పాటు ఒక్క షరతు పెట్టాడు డాక్టరు. తాగిన నీళ్ళు ఒంట్లోంచి బయటికి పోయే దారి లేదు గనక నీళ్ళు తగ్గించాలి. "ఇంట్లో ఏ గ్లాసుతో తాగుతుంది? తీసుకురండి" అన్నాడు. అలా నేనూ పట్నం వెళ్ళాను. ఆయన నాలో వేలు పెట్టి, సగం కంటే కిందికే చూపించి, "ఇక్కడి వరకే. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి. అంతే" అన్నాడు. ఇంటికి రాగానే లోలాక్షి ఓ మేకు తీసుకుని, ఆయన వేలు పెట్టినచోట నాలోపల గీత గీసింది. నొప్పి సంగతి నన్నడక్కండి. అదే గీత మీద ఆమె మళ్ళీ మళ్ళీ గీసింది.

ఎంత పడతానన్నదే నా గొప్ప అన్నాను కదా. ఇప్పుడు ఎంత పొయ్యకూడదో చెప్పడం నా ఉద్యోగం అయింది.

ఉప్పుగాలికి పెద్దవాళ్ళకే నాలుక పిడచకట్టుకుపోయే ఊరది. ధరణి పొద్దుటి నీళ్ళని చుక్కలు చుక్కలుగా తాగడం నేర్చుకుంది. అయిపోయాక నా అడుగున వేలితో తుడిచి నాకేది. స్నానం చేయిస్తున్నప్పుడు గుటక వేస్తుందేమోనని లోలాక్షి ఒక చేత్తో పిల్ల నోరు మూసి, రెండో చేత్తో చెంబు వంచేది. వాన వస్తే చూరు కింద నోరు తెరుచుకుని నిలబడేది ధరణి. తల్లి రెక్కపట్టి లోపలికి లాగేది.

"నువ్వు మంచి అమ్మవి కావు" అనేది ధరణి.

"కాను. అయితే ఏటి?" అనేది లోలాక్షి. పెరట్లోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేది. బిడ్డ బతికితే చాలు, ఎంత చెడ్డదని అనిపించుకోవడానికైనా సిద్ధపడింది ఆ తల్లి.

దాలమ్మ ఊరుకోలేకపోయింది. "గుంట నోరెండిపోతంటే రొండు సుక్కలు పొయ్యవా? నువ్వేం తల్లివే?" అని కోడలు ఫ్యాక్టరీకి వెళ్ళగానే మనవరాలికి మజ్జిగ కలిపి నానిండా ఇచ్చింది. ఎన్నాళ్ళకో ఆ ‘హా!’ విని నేనూ సంతోషించాను. తెల్లవారేసరికి పిల్లకి ఊపిరాడలేదు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. బతికించి పంపారు. ఆ తర్వాత దాలమ్మ కోడల్ని పల్లెత్తు మాట అనలేదు. ధరణి కళ్ళెదుట తనూ నీళ్ళు ముట్టలేదు. దొంగసారా తాగేవాళ్ళలా ఆ ఇంట్లో పెద్దలు ముగ్గురూ పెరటి గోడ చాటున నీళ్ళు తాగేవారు.

ఇంత చేసినా ఫలితం లేకపోయింది. కిడ్నీ ఇచ్చేవాళ్ళు దొరకలేదు. మిషనుకి కలిపే గొట్టం దగ్గర చీము పట్టింది, జ్వరం తగ్గలేదు, పిల్ల ఒళ్ళు ఇక ఏ మందుకీ పలకలేదు. డాక్టరు దండాసిని పక్కకి పిలిచి, "ఇంటికి తీసుకెళ్ళండి. ఇకమీదట ఏం అడిగితే అది పెట్టండి" అన్నాడు. దండాసికి అర్థమయ్యేలోపే లోలాక్షికి అర్థమైంది. పిల్ల బట్టలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే ఆమె కొత్తకుండలోంచి నీళ్ళు ముంచి, నన్ను గీత దాటించి, అంచుదాకా నింపింది. మంచం మీద కూతురి తల ఒళ్ళో పెట్టుకుని, "తాగీ అమ్మా. నీకెంత కావాలంటే అంత" అంది.

ధరణి నావంక చూసి, తల్లివంక చూసింది. "ఇదంతా నాకేనేటి?"

"నీకే నా తల్లీ. అంతా నీకే."

రెండు గుక్కలు తాగింది. మూడో గుక్క నోట్లో కాసేపు ఉంచుకుని మింగింది. నన్ను తల్లి చేతుల్లోకి నెట్టి, "చాలు. మిగతాది సాయింత్రానికి ఉంచు" అంది. చూశారా, అంత బాగా నేర్పేశాం ఆ పిల్లకి!

సాయంత్రం దాకా ధరణి లేదు.

చావు జరిగిన ఇంట్లో నీళ్ళు నిలవ ఉంచకూడదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి బిందెలు, కుండలు, గాబు అన్నీ పెరట్లో కుమ్మరించారు. ఒకామె నన్నూ అందుకుంది. లోలాక్షి కేక పెట్టి వచ్చి ఆమె చేతిలోంచి లాక్కుంది. "ఇది నా గుంటది! సాయింత్రానికి ఉంచమంది" అంది. నన్ను కిటికీ పక్క బల్ల మీద పెట్టింది.

రోజూ వచ్చి నాలోకి తొంగి చూసేది. కిటికీలోంచి ఎండ పడుతుంది, నీళ్ళు తగ్గుతాయి. గ్లాసుని కదా, నీళ్ళు ఎటు పోతాయో నాకు తెలియదా? ఆమె మాత్రం ఇంకోలా అనుకుంది. అలా అనుకోవద్దని చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు. అడుగున తెల్లటి చార తప్ప ఏమీ మిగలని రోజున అత్తగారిని పిలిచి చూపించింది.

"అత్తా, తాగీసింది."

దాలమ్మ నాలోకి చూసింది, కోడలి మొహంలోకి చూసింది. "తాగీసిందమ్మా" అంది. "మరి కాసిన్ని పొయ్యి."

లోలాక్షి బిందె వంచింది. ఎక్కడ ఆపాలో ఆమెకి తెలియలేదు. నేను నిండిపోయాను, పొర్లాను, బల్ల తడిసి నేలమీదికి కారింది. ఆమె పోస్తూనే ఉంది.