రాతి సందులో ఇరుక్కున్న పెల్దెన్

...అది కాదే మనవరాలా, ముందు నేను చెప్పేది కాగితం మీద రాసుకో. మీ మేనత్త రింజిన్, తల్లి పాపం పోవాలని కొండ మీది మఠంలో రోజూ సాష్టాంగాలు చేస్తోందట. నాకు నిన్ననే తెలిసింది.

అప్పుడు రోడ్లు లేవు. మీ నాన్నను మా అమ్మ దగ్గర వదిలి, వేయించిన మొక్కజొన్న మూట కట్టుకుని, నేనూ మీ నానమ్మ పెల్దెనూ బుమ్‌తాంగ్ లోయలోని గుహకు నడిచి వెళ్ళాం. అక్కడ ఇరుకు రాతి సందులోంచి దూరి బయటపడితే పాపాలు పోయినట్టే. నేను బయటపడ్డాను. ఆమె నడుము దగ్గర ఇరుక్కుంది.

"ఎవరి కోడిని కాజేశావమ్మా? ఒప్పేసుకో, రాయి వదిలేస్తుంది!" అని వెనకవాళ్ళు నవ్వారు.

"నువ్వూ నవ్వుతావేంటయ్యా, ఏదో ఒకటి చెయ్యి!" అని అరిచింది నా మీద.

చివరికి వెనకవాళ్ళే కాళ్ళు పట్టుకుని వెనక్కి లాగేశారు. దారంతా ఏడ్చింది.

ఇల్లు చేరాక తెలిసింది, కడుపుతో ఉందని. "చూశావా, రాయి ఆపింది నన్ను కాదు, దీన్ని!" అంటూ పొట్ట నిమురుకుని ఎంత నవ్విందో. మీ మేనత్తను కని, ఆ కాన్పులోనే పోయింది. ఊరేమో పాపమే చంపిందని చెప్పుకుంది.

ఆ కొండ నేనెక్కలేను. నువ్వెళ్ళి మీ మేనత్తకు ఇది చదివి వినిపించు. ఇక లేచి కూర్చోమను, తల్లీ.