చివరి నాలుగు పేజీలు

అబ్దుల్ జబ్బార్‌కు రేడియోలు బాగుచెయ్యడం వృత్తి, నవలలు రాయడం పిచ్చి. పిచ్చంటే అలాంటిలాంటి పిచ్చి కాదు మహానుభావుడిది! నరసరావుపేటలో కొట్టు పెట్టుకుని, నక్షత్రాల మీదికి మనుషుల్ని పంపేవాడు. సొంత పేరుతో రెండు నవలలు వారపత్రికలకు పంపితే, 'మా పాఠకులకు రాకెట్లు ఎక్కవు' అని రెండూ తిరిగొచ్చాయి.

ఆ రోజుల్లో వారపత్రికల్లో ఆడవాళ్ళ పేర్లదే రాజ్యం. మీసాలు తిప్పే మగాళ్ళు కూడా పెళ్ళాల పేర్లతో రాసేవాళ్ళు. జబ్బార్‌కూ ఆ బుద్ధే పుట్టింది. మూడో నవలను ఎదురింటి శివపార్వతి పేరుతో ఉగాది పోటీకి పంపాడు. అతని దస్తూరీ అతనికే అర్థం కాదు కాబట్టి సాపుప్రతి ఆమె చేతే రాయించాడు. 'ఇది నా సొంత రచన, అనువాదం కాదు, అనుకరణ కాదు' అన్న హామీపత్రం మీద సంతకమూ ఆమెదే. పైగా గడువు ముంచుకొచ్చిందని, సాపుప్రతిని తిరగేసి కూడా చూడకుండా పోస్టులో పడేశాడు.

ఎనభై అయిదు ఉగాదికి ఆ నవలకే మొదటి బహుమతి వచ్చింది. ఉత్తరం మాత్రం శివపార్వతికి వచ్చింది. అసలు సంగతి తెలియని ఆమె భర్త వెంకటసుబ్బయ్య, కిరాణా కొట్టు మూసేసి మరీ ఆ ఉత్తరాన్ని బజారంతా చూపించుకొచ్చాడు. మర్నాడు ఆమె ఫోటో తియ్యడానికి విజయవాడ నుంచి పత్రిక మనిషి వస్తున్నాడు.

ఆ మనిషి వచ్చే వేళకు ముందే జబ్బార్ వాళ్ళ వరండాలోకి వచ్చాడు. పొద్దుటినుంచి మెతుకు ముట్టలేదు.

"చెల్లెమ్మా, బహుమతి డబ్బు నువ్వే ఉంచుకో. పేరొక్కటి నాకిప్పించు. వచ్చినాయనతో నిజం చెప్పు. పన్నెండేళ్ళుగా రాస్తున్నానమ్మా! పిచ్చోడితో వేగలేనని మా ఆవిడ హలీమా పుట్టింట్లో కూర్చుంది."

"మా ఆయన బజార్లో తలెత్తుకోలేడన్నా. వాళ్ళు బహుమతి రద్దు చేస్తే ఏం చేస్తావు?"

"వాళ్ళ కాళ్ళు పట్టుకుంటా."

అన్నంత పనీ చేసేట్టున్నాడు. శివపార్వతి బజారు వైపు ఒకసారి చూసింది. "సరే. పుస్తకం నీదేనని చెబుతాలే" అంది.

జబ్బార్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. అప్పుడడిగాడు ఉత్తరం. న్యాయనిర్ణేతలు ఇలా రాశారు: 'తెలుగులో సైన్స్ నవలలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వాటిలో సగం తర్జుమాలే. ఈ నవలలో యంత్రాల వర్ణన విసుగు పుట్టించినా, నూరేళ్ళకు భూమ్మీదికి తిరిగొచ్చిన ఇంజనీరు తన భాష మాట్లాడే మనిషి కోసం సంతలన్నీ తిరగడం మమ్మల్ని ఏడిపించింది. ఆ చివరి నాలుగు పేజీలకే ఈ బహుమతి.'

జబ్బార్ మళ్ళీ చదివాడు. అతను రాసిన ఇంజనీరు తిరిగొచ్చి మెడనిండా దండలు వేయించుకున్నాడు. సంత ఎక్కడిది?

"ఆ దండలు నాకు నచ్చలా అన్నా" అంది శివపార్వతి, నేల చూపులు చూస్తూ. "నూరేళ్ళ తర్వాత ఆయన్ని గుర్తుపట్టేదెవురు? సాపు రాస్తా రాస్తా మార్చేశా. నీకు చెబుదామంటే భయమేసింది."

తిట్టిపోద్దామనుకున్నాడు. తీరా నోట్లోంచి వచ్చిన మాటకు అతనికే సిగ్గేసింది.

"ఆ నాలుగూ కూడా నావేనని చెప్పమ్మా. ఎవురికి తెలుస్తది?"

శివపార్వతి తలెత్తింది. "మూడొందల పేజీలు నీవేనని చెబుతా. నా పరువు పోయినా చెబుతా. ఆ నాలుగు మాత్రం అడగమాక. నాకింకేం లేదు."

జబ్బార్ అరుగు మీద కూలబడ్డాడు. ఆ నాలుగూ ఆమెవని చెబితే, తనకు మిగిలేవి విసుగు పుట్టించిన పేజీలే. అలాంటి పేజీలకు ఏ గతి పడుతుందో వారపత్రికల దగ్గర రెండుసార్లు చూశాడు. ఒట్టి మారుపేరంటే బతిమాలుకోవచ్చు గానీ, రాసింది ఇద్దరని తేలితే 'సొంత రచన' అన్న హామీపత్రమే అబద్ధమవుతుంది, బహుమతీ పోతుంది, పుస్తకమూ పోతుంది. ఎటు చూసినా అతనికి దారి లేదు.

వీధిలో రిక్షా ఆగింది. మెడలో కెమెరా వేసుకున్న మనిషి మెట్లెక్కి, "రచయిత్రి గారు ఎవరండీ?" అని అడిగాడు.

శివపార్వతి చెప్పబోయింది.

"ఈమేనండీ" అన్నాడు జబ్బార్. కెమెరా మనిషికి వినపడలేదు. శివపార్వతి వైపు చెయ్యి చూపించి మళ్ళీ అన్నాడు.