సంజీవప్ప దిగిన బావి

సంజీవప్ప లాంతరుకు తాడు కట్టి బావిలోకి వదులుతున్నాడు. మూరకోసారి ఆగి, వంగి చూసి, మళ్ళీ వదులుతున్నాడు. అడుగున గాలి చెడి ఉంటే దీపం ఆరిపోతుంది. ఆరితే దిగే పని లేదు. ఆరిపోతే బాగుండునని అతను లోలోపల దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాడు. పాతికేళ్ళుగా ప్రతి బావి దగ్గరా ఇదే మొక్కు.

నిడుగల్లు చుట్టుపక్కల భూమి చేతులు మారాలంటే ముందు సంజీవప్ప రావాలి. చేలో నాలుగు చోట్ల గుంత తీసి మన్ను నలిపి చూస్తాడు. చౌడు ఉందేమోనని చిటికెడు నాలుక మీద వేసుకుంటాడు. ఆ తరవాత బావిలో దిగి చెంబుతో నీళ్ళు తెస్తాడు. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ చూస్తుండగా ఆ నీళ్ళు తాగాడంటే బేరం కుదిరినట్టే. చెంబు బోర్లించాడంటే ఇక ఎవరి దారి వాళ్ళది.

ఎండు కట్టెలాంటి మనిషి. మోకాళ్ళ నిండా బావిరాళ్ళు గీసిన మచ్చలు. ఇంత పేరున్నవాడికి బావంటే చచ్చేంత భయమని భార్య ముత్తక్కకు ఒక్కదానికే తెలుసని అతని నమ్మకం.

"ఇంత బయపడతా ఉండావు కదయ్యా. ఈ పొద్దు పోకుంటే ఏం?" అని పొద్దున ఆమె అడిగింది.

"పోకుంటే అందురికీ తెలిసిపోతాది," అన్నాడు.

పిచ్చివాడు! తెలియనిదెవరికి? పోయిన ఎండాకాలం రెండు బావుల్లో సగం మెట్ల దాకా పోయి, అక్కడే కూర్చుని, పైకొచ్చి ఒట్టి చెంబు బోర్లించాడు. ఆ రెండింట్లోనూ నీళ్ళు మంచివేనని తరవాత బయటపడింది. అప్పటినుంచి జనం అతని వెనక నవ్వుకుంటూనే ఉన్నారు.

ఈ చేను చిన్నరంగప్పది. మూడేళ్ళుగా వాన మొహం చాటేసింది, శనక్కాయ విత్తనం కూడా తిరిగి రాలేదు, అమ్మేస్తున్నాడు. కొనేది హొన్నూరమ్మ. ఊరి బోరు నీళ్ళకు ఆమె పెద్దకొడుకు కాళ్ళు వంకరపోయాయి. మిగిలిన ఇద్దరికైనా మంచినీళ్ళు దొరకాలని ఉన్న గొర్రెలమంద అమ్మేసి వచ్చింది. ఆమెకు కావలసింది చేను కాదు, బావి.

పాడు దీపం ఆరలేదు. సంజీవప్ప దిగాడు. రాతిమెట్లు అయిపోయాక తాడు పట్టుకుని జారాడు. చల్లటి నీళ్ళు మోకాళ్ళకు తగిలాయి. చెంబు ముంచబోయి ఆగాడు. వాసన! గొంగళిపురుగు పడిన సంవత్సరం చేలన్నింటా కొట్టిన పురుగుమందు వాసన. కాలికి మెత్తగా ఏదో తగిలింది. వంగి తడిమాడు. బురదలో కూరుకున్న ప్లాస్టిక్ సంచి, దాని పక్కన ఇంకొకటి. ఎలా పైకి వచ్చాడో అతనికే తెలియదు. వచ్చీ రావడంతోనే చెంబు బోర్లించాడు.

"లోపల మందు సంచులు ఉండాయి. ఈ నీళ్ళు తాగొద్దమ్మా!"

చిన్నరంగప్ప మొహం ఒక్క క్షణం మాడింది. వెంటనే నవ్వేశాడు. "ఏందప్పా సంజీవప్పా! నీ బయానికి రాయి తగిలినా సంచే, వేరు తగిలినా పామే."

హొన్నూరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అన్నా, పోయినేడు రెండు బావులకూ ఇట్లే చెప్తివంట. ఇది ఇడిస్తే నా పిల్లోళ్ళకు మళ్ళా ఆ బోరు నీళ్ళే. అమ్మేకి నాకు ఇంకో మంద ల్యా. నిజం చెప్పన్నా."

సంజీవప్పకు సిగ్గుతో ఒళ్ళు మండిపోయింది. "ఆ రెండూ అబద్దమే తల్లీ. బయపడి దిగల్యా. ఇది నిజం."

"నమ్మేదెట్ల?"

అతను బావిలోకి చూశాడు. ఇంటికి పోవచ్చు, ఎవరూ ఆపరు. "సంచి తెచ్చి చూపిస్తా," అన్నాడు. ఆ మాట తన నోటినుంచి వచ్చిందంటే అతనికే నమ్మకం కలగలేదు.

ఒకసారి దీపం నిలిచిన బావిలోకి ఆ పూట మళ్ళీ దీపం దింపకూడదని బావులు చూసేవాళ్ళ పట్టింపు. దింపితే గంగమ్మను అనుమానించినట్టట. సంజీవప్ప దింపలేదు. తాడు పట్టుకుని దిగిపోయాడు. కాసేపు లోపల బురద చప్పుళ్ళు వినపడ్డాయి. తరవాత కేక వచ్చింది.

"లాగండప్పా!"

ఇద్దరూ లాగారు. సంచి పైకొచ్చింది. చిన్నరంగప్ప దాన్ని చూసి తల తిప్పుకున్నాడు. హొన్నూరమ్మ బావి మీదికి వంగింది.

"చూసినా అన్నా! నమ్మినా! ఇంగ పైకి రా!"

జవాబు లేదు. సంచి పెకలించినప్పుడు బురద కింద ఎన్నాళ్ళుగానో పట్టి ఉన్న చెడ్డగాలి లేచింది. చిన్నరంగప్ప లాంతరు దింపాడు. అది సగంలోనే ఆరిపోయింది.

చుట్టుపక్కల చేలవాళ్ళు చేరి, కొక్కేలు వేసి అతన్ని తీసేసరికి పొద్దు వాలింది. ముత్తక్క వచ్చి అతని తల ఒళ్ళో పెట్టుకుంది. "పిరికోడివి కదయ్యా నువ్వు," అంది ఏడుస్తూ. "రెండోసారి ఎట్ల దిగితివి?"

అతన్ని మోసుకుని జనమంతా ఊరివైపు కదిలారు. చిన్నరంగప్ప దూరంగా వెనక నడిచాడు. హొన్నూరమ్మ ముత్తక్కను పట్టుకుని నడిపించింది.

బావి గట్టు మీద సంచి మిగిలింది. రవ్వంత మందు కూడా నీళ్ళలో రాలకుండా దాని చిరిగిన మూతికి తన తలగుడ్డ చుట్టి సంజీవప్ప వేసిన మూడు ముడులు ఇంకా గట్టిగానే ఉన్నాయి.