అక్క పాట, నా మిరియాలు

మా సువార్తక్క మైకు ముందు నిలబడి ఉంది, నేను హార్మోనియం ముందేసుకుని కూర్చున్నాను, మేమున్నది నరసాపురం చర్చిలాగే ఉంది గాని బల్లలన్నీ సినిమా హాలు కుర్చీలైపోతున్నాయి, ఫ్యాను తిరిగేకొద్దీ గోడలు మద్రాసు రికార్డింగు థియేటర్ గోడల్లా మెత్తబడుతున్నాయి. అక్క పోయి ఏడాదైందని నాకు తెలుసు. ఆ సంగతి ఆమెతో అంటే బాగోదని ఊరుకుంటున్నాను.

పాడేముందు ఎప్పటిలాగే లవంగాల డబ్బా తీస్తుంది. అందులో మిరియాలు కలిపెయ్యడం చిన్నప్పటినుంచీ నా పని. ఆమె చూడకుండానే వేలితో తడిమి మిరియం పక్కకి తీసేసేది, ఒక్కసారీ మోసపోలేదు.

"ఏరా జోజీ, నెత్తిమీద జుట్టేది? అమ్ముకున్నావా?" అంటుంది.

"నీ రాగాలకి ఊడిపోయిందక్కా," అంటాను.

నవ్వుతుంది, ఆ నవ్వులోంచే పాట మొదలవుతుంది. 'ఇంకా తెల్లారలేదు, అప్పుడే లేవకు' అని వెళ్లిపోయేవాణ్ణి బతిమాలే పాట. ఆ ఒక్క రికార్డుతోనే ఊరూరా ఆమె పేరు తెలిసింది, ప్రేమపాట పాడిన నోటితో కీర్తన పాడకూడదని సంఘపెద్దలు క్వయర్‌లోంచి తీసేసిందీ దానివల్లే. తరవాత మద్రాసులో కోరస్ వెనక వరస, ఆ తరవాత పెళ్లిపందిళ్లలో ఆర్కెస్ట్రా, ఎక్కడికెళ్లినా అదే పాట అడగడం, గొంతు అరిగిపోయి ఆఖరికి వంటింట్లో కూడా పాడడం మానెయ్యడం. ఇదంతా నేను చెప్పడం లేదు, ఆమె వెనక గోడమీద దానంతటదే కదిలిపోతోంది.

తెల్లారితే చర్చిలో ఆమె జ్ఞాపకార్థ ప్రార్థన. అక్కడ ఆ పాటే పాడతానని అక్క కూతురు సుగుణ, వీల్లేదని పెద్దలు, మేనమామవి నువ్వే తేల్చమని అందరూ నా మీద పెట్టారు. ఇంతకుముందెప్పుడూ నన్ను సలహా అడిగినవాడు లేడు. ఈలోగా హాలు గోదావరి గట్టయిపోతోంది, పైస్థాయి వచ్చినప్పుడల్లా అక్క అలవాటుగా మైకుకి దూరం జరుగుతోంది, వెనక నీళ్లున్నాయి.

"ఆగక్కా. చర్చిలో నీ పాట పాడనివ్వాలా, వద్దా?"

 నీళ్లు ఆమె చీర అంచుదాకా వస్తాయి.

"ఆ రాగం అలా సాగదియ్యడం నేను నేర్చుకున్నదే అక్కడ గదరా. దాన్ని ఒక్కసారి అక్కడికి తీసుకెళ్లి పాడాలనుండేది. రానివ్వలేదు. సుగుణకి చెప్పు, మైకు వద్దని. గొంతుని ఆ గోడలే మోస్తాయి."

"మరి పెద్దలకేం చెప్పను?"

"చెప్పకు. నువ్వు హార్మోనియం మొదలెట్టెయ్. చెప్పకుండా చెయ్యడం నీకు కొత్తా ఏంటి?"

నా అరచేతిలో ఒక లవంగం పెడుతుంది. కొరుకుతాను. మిరియం. నాలుక భగ్గుమంటుంది, అక్క నవ్వు నీళ్లమీంచి దూరం జరుగుతుంది.

లేచి కూర్చున్నాను. గూట్లో సుగుణ ఇచ్చిన అక్క డబ్బా ఉంది, ఏడాదిగా మూత తియ్యడానికి చెయ్యి రాలేదు. తీశాను. లవంగాలు ఒక్కటీ లేవు. అడుగునంతా మిరియాలు, ఎండి ముడుచుకుపోయి. అక్క ఒక్కటీ పారెయ్యలేదు.

ఒకటి నోట్లో వేసుకుని, హార్మోనియం కిందకి దించి, సుగుణని లేపాను.